పొట్ట కండరాలకు పని – వారానికి ఎన్ని రోజులు?

(సికింద్రాబాదు లాలాపేటలో పాల సంఘాల అధ్యక్ష, కార్యదర్శులకూ మహిళా సభ్యులకూ జరిగిన శిక్షణ తరగతిలో ఒక సహకార ఇన్‌స్పెక్టరు చేసిన ప్రసంగ పాఠం)



నేను లోపలికి రాగానే మీలో కొందరు నా చేతిసంచీ వైపు చూడడం గమనించాను. అందులో రిజిస్టర్లు లేవు. ఈ పూట నగదు పుస్తకం అడగను. షేరు లెడ్జరు తియ్యమనను. ఫ్యాటు రిజిస్టరులో ఈ కొట్టివేత ఎవరిదని నిలదీయను. సంచీలో ఉన్నది ఒక్క దర్జీ టేపు. ఈ పూట తనిఖీ మన పొట్టలకు. అందులోనూ మొదట నా పొట్టకు.

నాకు విషయం ఇచ్చినవారు "ఆరోగ్యము, వ్యాయామము" అని కాగితం మీద రాసి ఇచ్చారు. అంత పెద్ద విషయం ఒక గంటలో చెప్పడం నావల్ల కాదు. నేను డాక్టరును కాను, హెచ్.డి.సి. చదివిన ఇన్‌స్పెక్టరును. కనుక ఒక్క ప్రశ్నకే జవాబు చెబుతాను. వయసు మీద పడుతున్నవారు పొట్ట కండరాలకు వారానికి ఎన్నిసార్లు కసరత్తు ఇవ్వాలి? చాలా చిన్న ప్రశ్న. దీనికి తప్పు జవాబు పట్టుకొనే నేను రెండోసారి మంచాన పడ్డాను. మొదటిసారి ఎలా పడ్డానో ముందు మనవి చేస్తాను.

మూడేళ్ల కిందటి మాట. ఒక సంఘానికి ఆకస్మిక తనిఖీకి వెళ్లాను. ఆ ఊరి పేరు అడగకండి. పాల కొలతలో నాకొక అనుమానం ఉంది. క్యాను ఎత్తి కాటా మీద పెట్టమన్నాను. ఎత్తే కుర్రవాడు ఆ రోజు రాలేదు. కార్యదర్శి తటపటాయిస్తున్నారు. నాకు ఆ తటపటాయింపు మీద మరీ అనుమానం వచ్చి, నేనే వంగి క్యాను పట్టుకున్నాను. 40 లీటర్ల క్యాను. పాలే 41 కిలోలుంటాయి, క్యాను బరువుతో కలిపి 50కి దగ్గర. కాళ్లు కదపకుండా నడుము తిప్పి కాటా మీదికి జరపబోయాను. ఎండుకట్టె విరిగినట్టు వీపులో ఏదో కలుక్కుమంది. తరువాత ఒక గంటసేపు టెస్టింగు బల్ల పక్కన నేల మీద వెల్లకిలా పడుకొని, ఆ సంఘం పైకప్పు రేకులు లెక్కపెట్టాను. అధ్యక్షులవారి ఇల్లాలు ఉప్పు కాపడం తెచ్చారు. నన్ను రూటు వ్యానులో క్యానుల మధ్య కూర్చోబెట్టి ఇంటికి చేర్చారు. కొలత సరిగానే ఉన్నదని తరువాత తేలింది. ఆ సంగతి కూడా ఇక్కడే ఒప్పుకుంటున్నాను.

21 రోజులు సెలవు. ఎముకల డాక్టరుగారు నన్ను చూసి ఒక మాటన్నారు. "మీ నడుముకు వెనక జబ్బేమీ లేదు, ముందు వైపు కాపలా లేదు" అన్నారు. నాకు అర్థం కాలేదు. ఆయన విడమరచి చెప్పింది మీకూ చెబుతాను.

పొట్ట అంటే మనకు తిండి పడే సంచీ అనే ఆలోచన. దాని చుట్టూ కండరాల పొరలున్నాయి. ముందు వైపు రొమ్ము ఎముక నుండి కిందికి నిలువుగా ఒక జత. పక్కల ఏటవాలుగా రెండు పొరలు, ఒకటి ఇటు వాలి, రెండోది అటు వాలి. అన్నిటికన్నా లోపల అడ్డంగా, నడికట్టు చుట్టినట్టు ఒక పొర. మన పెద్దలు బరువు పనికి దిగే ముందు తుండుగుడ్డ నడుముకు బిగించి కట్టేవారు. ఆడవాళ్లు కొంగు నడుముకు చుట్టి దోపుకొంటారు. నడుం బిగించడం అనే మాట మన భాషలోకి ఊరికే రాలేదు. ఆ లోపలి పొర దేవుడిచ్చిన నడికట్టు. బరువు ఎత్తబోయేటప్పుడు ఇవన్నీ ఒక్కసారి బిగిస్తే, కట్టిన గడ్డిమోపు నిలబడినట్టు వెన్నెముక నిటారుగా నిలుస్తుంది. మోకు వదులైతే మోపు ఏమవుతుందో మీకు చెప్పనక్కరలేదు. నా మోకు ఎప్పుడో వదులైంది. ఉద్యోగంలో చేరిననాడు నా ప్యాంటు నడుము 30 అంగుళాలు. నడుము పట్టేసిననాడు 40. ఆ పది అంగుళాలు ఏ సంవత్సరం జమ అయ్యాయో ఏ పుస్తకంలోనూ ఎంట్రీ లేదు.

కోలుకున్నాక నాకు పట్టుదల వచ్చింది. పట్టుదల వచ్చిన గుమాస్తా చేసే పనే చేశాను, టార్గెట్ పెట్టుకున్నాను. రోజుకు వంద సిటప్పులు. పొద్దున 5 గంటలకు లేవగానే, ముఖమైనా కడగకుండా, మంచం కోడు కింద పాదాలు దూర్చి, తల వెనక చేతులు పెట్టి లేవడం, పడుకోవడం. ఆదివారం లేదు, పండుగ లేదు. పన్నెండో రోజున మళ్లీ పట్టేసింది. ఈసారి క్యాను లేదు, తప్పు వేయడానికి కార్యదర్శీ లేడు.

ఆ పన్నెండు రోజుల్లో నేను మూడు తప్పులు చేశాను. ఎంత చేయాలి, ఎప్పుడు చేయాలి, ఎందుకు చేయాలి అన్న మూడూ తప్పాను.

ఎంత అన్నది మొదట చూద్దాం. బర్రె ఈనడానికి రెండు నెలల ముందు మీరు పాలు పిండడం ఆపుతారు. ఇంకా రెండు లీటర్లు ఇస్తున్నా సరే, ఆపుతారు. ఆ విశ్రాంతిలోనే పొదుగు మళ్లీ తయారవుతుందని, ఆపకుండా పిండితే వచ్చే ఈతలో పాలు తగ్గుతాయని మీకు ఎవరూ పాఠం చెప్పనక్కరలేదు. కండరం సంగతీ అంతే. కసరత్తు చేస్తున్నప్పుడు కండరం బలపడదు, అప్పుడు అది అలసి, సూక్ష్మంగా దెబ్బతింటుంది. బలం పుంజుకొనేది ఆ తరువాత, తిన్న తిండితో, పడుకొన్న నిద్రతో. గట్టి కసరత్తు తరువాత దానికి దాదాపు రెండు రోజులు పడుతుంది. వయసు పెరిగినకొద్దీ ఈ మరమ్మతు నిదానిస్తుంది. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2020లో ఇచ్చిన సూచనల్లో పెద్దలందరూ కండరాలకు బలమిచ్చే కసరత్తు వారానికి కనీసం 2 రోజులు చేయాలని ఉంది. 65 దాటినవారు తూలి పడకుండా నిలకడ నేర్పే కసరత్తులు 3 రోజులైనా చేయాలని అదనంగా చేర్చారు. రోజూ అని లేదు, వంద అనీ లేదు.

కనుక నా జవాబు ఇది. పొట్ట కండరాలకు వారానికి 3 రోజులు, మధ్య ఒక్కొక్క రోజు విడిచి. సోమ, బుధ, శుక్రవారాలు అనుకోండి. తీరిక లేనివారు 2 రోజులు. ఒక్కొక్కసారికి పది నిమిషాలు చాలు. తేలికగా ఊపిరి వదిలి పొట్ట బిగించడం వంటివి రోజూ చేసినా నష్టం లేదు, అది కసరత్తు కన్నా అలవాటు కిందికే వస్తుంది.

ఇక ఎప్పుడు అన్న తప్పు. ఇది ముఖ్యంగా మన పాడి ఇళ్లవారు వినవలసింది. రాత్రి పడుకున్నప్పుడు వెన్నుపూసల మధ్య ఉండే మెత్తని బిళ్లలు నీరు పీల్చుకొని ఉబ్బుతాయి. అందుకే పొద్దున లేచినప్పుడు మనం రాత్రి కన్నా కొద్దిగా పొడుగుంటాం. నానిన పప్పు ఎలా బిగుసుకొని ఉంటుందో అలా ఉంటాయి అవి. ఆ సమయంలో నడుము బాగా వంచితే వాటి మీద ఒత్తిడి మామూలు కన్నా చాలా ఎక్కువ పడుతుంది. 1998లో అమెరికాలో అచ్చయిన ఒక పరిశోధనలో నడుమునొప్పి పాతబడ్డ మనుషుల చేత పొద్దున లేచిన తరువాత కొంతసేపు నడుము వంచే పనులు మాన్పించారు. మందు లేదు, కట్టు లేదు, అదొక్కటే. నొప్పి ఉన్న రోజులు తగ్గాయి. మరి మన ఇళ్లలో ఏమవుతుంది? లేవగానే మొదటి పని వంగి కొట్టం ఊడవడం, రెండోది వంగి పేడ ఎత్తడం, మూడోది గొంతుకూర్చొని పాలు పిండడం. పాలు పోసే వేళ మార్చలేము, వ్యాను ఆగదు. పనుల వరుస కొంచెం మార్చవచ్చు. లేచాక ముందు నిలబడి చేసే పనులు పెట్టుకోండి. నీళ్లు కాచుకోవడం, గడ్డి పరచడం, బర్రెను విప్పి మార్చి కట్టడం. ఊడ్పు పని కొంచెం వెనక్కి జరపండి, చీపురుకు పొడుగు కర్ర కట్టుకోండి. పొట్ట కసరత్తు సాయంత్రం చేయండి. నేను సాయంత్రం ఆఫీసు నుండి వచ్చి, టీ తాగక ముందు చేస్తున్నాను.

మూడో తప్పు, ఎందుకు అన్నది. నేను సిటప్పులు మొదలుపెట్టింది పొట్ట కరగాలని. ఇది నా ఒక్కడి పొరపాటు కాదు. ఓపిక ఉంటే ఏ రోజైనా తెల్లవారి ఉస్మానియా విశ్వవిద్యాలయం రోడ్ల మీదికో, మన పెరేడ్ గ్రౌండు దగ్గరికో వెళ్లి చూడండి. నాలాంటి వయసువాళ్లు బెంచీల మీద పడుకొని లేస్తూ ఆపసోపాలు పడుతుంటారు. పొట్ట మీది కొవ్వు వేరు, కింది కండరం వేరు. ఒళ్లు కొవ్వు ఖర్చుపెట్టవలసి వచ్చినప్పుడు మొత్తం శరీరంలోని నిల్వల నుండి తీస్తుంది, కదిలిన చోటు నుండే తీయదు. ఎడమ చేత్తో పాలు పిండితే ఎడమ వైపు కొవ్వు తగ్గుతుందా? కండరానికి సిటప్పో మరొకటో బలం ఇస్తుంది. కొవ్వు తగ్గాలంటే తిండి తగ్గాలి, మొత్తం ఒళ్లు కదలాలి. అందుకు ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పిన లెక్క వారానికి 150 నుండి 300 నిమిషాలు, కొంచెం ఆయాసం వచ్చేంత నడకో పనో.

ఈ పని అనే మాట దగ్గర ఒక మహిళా సభ్యురాలు నన్ను ఇదివరకు నిలదీశారు. "పొద్దుగూకే దాకా చేసేది కసరత్తు కాకపోతే మరేంది సారూ?" అన్నారు. న్యాయమైన ప్రశ్న. ఇంటి పని, పొలం పని, కొట్టం పని ఆ 150 నిమిషాల్లో లెక్కకు వస్తాయి. కాని అందరం ఇప్పుడు అంత పని చేస్తున్నామా? గడ్డి కోసే మిషను వచ్చింది. నీళ్లకు మోటారు వచ్చింది. పావు కిలోమీటరు దూరంలో ఉన్న సంఘానికి రెండు లీటర్లు పోయడానికి మోటారు సైకిలు తీసేవారిని నేను కళ్లారా చూశాను. చాలా చోట్ల బల్క్ కూలర్లు వచ్చి క్యానులు మోసే పనీ తగ్గింది. ఈ యంత్రాలను నేను తప్పుపట్టను, క్యాను ఎత్తి అనుభవించినవాణ్ణి. తగ్గిన పనికి తగినట్టు తగ్గనిది అన్నం ఒక్కటే. పైగా మిగిలిన పనంతా ఒక వైపు పని. ఎప్పుడూ వంగడమే, ఎప్పుడూ అదే చంక మీద బిందె, అదే చేత్తో బకెట్.

కదలిక తగ్గితే ఏమవుతుందో చూపించే పాత లెక్క ఒకటి ఉంది. ఇన్‌స్పెక్టరుగా నాకు అది చాలా నచ్చింది. లండను నగరంలో, ఒకప్పుడు మన సికింద్రాబాదు రోడ్ల మీద తిరిగినట్టు, డబుల్ డెక్కర్ బస్సులు తిరిగేవి. డ్రైవరు కూర్చొనే ఉంటాడు. కండక్టరు టిక్కెట్లు కొడుతూ రోజుకు కొన్ని వందల మెట్లు ఎక్కి దిగుతాడు. ఒకటే సంస్థ, ఒకటే బస్సు. జెర్రీ మారిస్ అనే డాక్టరు ఆ ఇద్దరి గుండెజబ్బుల లెక్క తీసి 1953లో ప్రకటించారు. డ్రైవర్లలో గుండెపోట్లు ఎక్కువ, కండక్టర్లలో తక్కువ. అక్కడితో వదలలేదు. 1956లో ఆయన ఏం చేశారంటే, ఆ సంస్థ సిబ్బందికి కుట్టించిన యూనిఫారాల రిజిస్టర్లు తెప్పించారు. ప్యాంటు నడుము కొలతలు చూశారు. ఏ వయసు చూసినా డ్రైవరు నడుము కండక్టరు నడుము కన్నా లావు. గుమాస్తా రాసిపెట్టుకున్న కొలతల పుస్తకం ఒక వైద్య సత్యానికి సాక్ష్యమైంది. రిజిస్టర్లు సరిగా రాయండని నేను మీ వెంట పడడంలో అర్థం ఉందని ఇప్పటికైనా ఒప్పుకోండి. ఆ మారిస్‌గారు 2009లో, 99 ఏళ్ల వయసులో పోయారు.

మన దేశం లెక్క ఇంకా దగ్గరిది. భారత వైద్య పరిశోధన మండలి రాష్ట్రాల వారీగా జరిపించిన పెద్ద సర్వే ఫలితాలు 2023లో వచ్చాయి. పెద్దవారిలో నూటికి 39 మందికి పైగా పొట్ట కొలత హద్దు దాటింది. మగవారికి హద్దు 90 సెంటీమీటర్లు, అంటే 35 అంగుళాలు దాటి కొంచెం. ఆడవారికి 80, అంటే 31న్నర. మనవాళ్లలో కాళ్లూ చేతులూ సన్నగా ఉండి పొట్ట మాత్రం ముందుకు వచ్చినవారు ఎక్కువ. సన్నగా ఉన్నానులే అనుకొంటే చాలదు, షుగరు ముందు ఆ పొట్టనే చూస్తుంది.

ఇక్కడి నుండి తార్నాక ఎంత దూరం? అక్కడే జాతీయ పోషకాహార సంస్థ ఉంది. 1918లో కూనూరులో బెరిబెరి జబ్బు మీద విచారణకు ఒక గదిలో మొదలై, 1958లో మన ఊరికి వచ్చి, 1969లో ఈ పేరు పెట్టుకుంది. ఆ సంస్థ 2024లో భారతీయులకు ఆహార సూచనలు కొత్తగా రాసి ప్రకటించింది. పొట్ట లావు రాకుండా చూసుకొమ్మని, రోజూ ఒళ్లు కదిలించమని అందులో ఉంది. కండలు పెరుగుతాయని అమ్మే ప్రోటీను పొడి డబ్బాల జోలికి పోవద్దని కూడా ఉంది. ఆ డబ్బాల మీద వేలు తగలేస్తున్న పిల్లలు మన సభ్యుల ఇళ్లలోనే ఉన్నారు. వాళ్ల నాన్న పాలు సంఘంలో పోస్తాడు, కొడుకు పాలపొడి డబ్బా పట్నం నుండి కొంటాడు.

అన్నట్టు ఈ పాల సంగతి. ఇన్‌స్పెక్టరు ఇలా అనవచ్చునో లేదో తెలియదు, పై అధికారులు క్షమించాలి. సంఘంలో పోయడానికి ముందు ఇంటికి కావలసిన పాలు తీసి పెట్టండి. ఫ్యాటు బిల్లు పెరగాలని చివరి చుక్క దాకా పోసి, ఇంట్లో ముసలివారికి నీళ్ల మజ్జిగ పోసే ఇళ్లు నేను చూశాను. 60 కిలోల మనిషికి రోజుకు సుమారు 50 గ్రాముల మాంసకృత్తులు కావాలి. అర లీటరు బర్రెపాలలో 18, 20 గ్రాములు వస్తాయి. మిగతాది పప్పు, గుడ్డు చూసుకుంటాయి. నాలాగా పొట్ట ఉన్నవారు మీగడ తీసి తాగండి. తిండి లేకుండా కసరత్తు చేస్తే, దాణా పెట్టకుండా పాలు అడిగినట్టే.

ఇప్పుడు కసరత్తులు. వీరఘట్టంలో పుట్టిన కోడి రామమూర్తి నాయుడుగారు రొమ్ము మీద ఏనుగును ఎక్కించుకున్నారని మనందరం చిన్నప్పుడు విన్నాం. మనకు అంత అక్కరలేదు, క్యాను ఎత్తగలిగితే చాలు. నేను మాత్రం సిటప్పులు పూర్తిగా వదిలేశాను. కెనడాలోని వాటర్లూ విశ్వవిద్యాలయంలో వెన్నెముక మీద చాలా ఏళ్లు పనిచేసిన స్టూవర్ట్ మెక్‌గిల్ లెక్కగట్టిన ప్రకారం, ఒక్క సిటప్పు నడుము బిళ్ల మీద మూడు వందల కిలోలకు మించిన ఒత్తిడి వేస్తుంది. 1980 నుండి సిపాయిల చేత సిటప్పుల పరీక్ష చేయించిన అమెరికా సైన్యమే 2022 నాటి కొత్త పరీక్షలో వాటి జాగాలో కదలకుండా నిలబెట్టే కసరత్తు పెట్టింది. దాన్ని ప్లాంక్ అంటున్నారు. మనం పలక అందాం.

పలక ఇలా వేయాలి. నేల మీద మోచేతులు, కాలి వేళ్లు ఆనించి, తల నుండి మడమ దాకా ఒళ్లు పలకలా తిన్నగా పట్టాలి. పిరుదులు పైకి లేవకూడదు, నడుము కిందికి జారకూడదు. 50 దాటినవారు నేల మీద మొదలుపెట్టకండి. ఇంటి ముందు అరుగు మీద రెండు చేతులూ ఆనించి, కాళ్లు వెనక్కి పెట్టి ఏటవాలుగా నిలబడండి. పది లెక్కపెట్టేదాకా, అయిదుసార్లు. ఊపిరి మాత్రం బిగబట్టకండి, పైకి లెక్కపెడితే ఊపిరి దానంతట అదే ఆడుతుంది. నాలుగు వారాలకు అది తేలికైతే అరుగు కన్నా పొట్టిది, తరువాత నేల.

రెండోది, చేతులూ మోకాళ్లూ ఆనించి దూడలా నిలబడి, కుడి చెయ్యి ముందుకు, ఎడమ కాలు వెనక్కు చాపి పది లెక్కపెట్టడం, తరువాత రెండో జత. వీపు మీద పాలచెంబు పెట్టినా ఒలకకూడదు. మా మనవడు నా వీపు మీద చెంబు పెట్టి పరీక్షించాడు. మొదటి వారం ఇల్లంతా నీళ్లే.

మూడోది మీకు కొత్త కాదు. సగం నిండిన కుడితి బకెట్ ఒంటి చేత్తో పట్టుకొని, పక్కకు వాలకుండా నిటారుగా ఇరవై అడుగులు నడవడం. అప్పుడు పక్క కండరాలు పనిచేస్తాయి. చెయ్యి మార్చి మళ్లీ ఇరవై. రోజూ మోసే బకెట్టే, చెయ్యి మార్చడం ఒక్కటే కొత్త.

బరువు ఎత్తేటప్పుడు ఇవన్నీ పనికి రావాలి. ఒకసారి దగ్గి చూడండి, ఇప్పుడే దగ్గండి. పొట్ట చుట్టూ బిగిసింది కదా. క్యాను ఎత్తే ముందు అలా కొంచెం బిగించి, మోకాళ్లు వంచి, క్యానును ఒంటికి దగ్గరగా పట్టి, ఊపిరి వదులుతూ లేవండి. తిరగాలంటే పాదాలు తిప్పండి, నడుము తిప్పకండి. ఇద్దరు ఉంటే ఇద్దరు పట్టండి. అందులో నామోషీ లేదు.

కొందరు ఇవేవీ డాక్టరును అడగకుండా చేయకూడదు. గజ్జల్లోనో బొడ్డు దగ్గరో దగ్గినప్పుడు ఉబ్బి, పడుకుంటే పోయే గడ్డ ఉంటే అది హెర్నియా కావచ్చు. కసరత్తుతో లోపలికి పోతుందని ఒక కార్యదర్శిగారు ఆరు నెలలు పొట్ట కసరత్తులు చేసి, చివరికి అర్ధరాత్రి ఆపరేషనుకు వెళ్లారు. అది చిరుగు. కండరం బలిస్తే చిరుగు మూసుకోదు. ఆ గడ్డ లోపలికి పోకుండా నొప్పి పుట్టి, వాంతులైతే తెల్లవారేదాకా ఆగకండి. పెద్దాపరేషను కాన్పు అయినవారు, గుండెజబ్బు, అదుపులో లేని రక్తపోటు ఉన్నవారు, నడుమునొప్పి కాలిలోకి దిగి తిమ్మిరి ఉన్నవారు ముందు చూపించుకోండి. ముట్లుడిగిన ఆడవారిలో ఎముకలు గుల్లబారిన వారున్నారు. 1984లో అమెరికాలోని మేయో క్లినిక్ డాక్టర్లు అటువంటి స్త్రీలను గమనించారు. సిటప్పుల వంటి ముందుకు వంగే కసరత్తులే చేసిన 9 మందిలో 8 మందికి కొత్తగా వెన్నుపూసలు నలిగాయి. వీపు వెనక్కి ఎత్తే కసరత్తులు చేసిన 25 మందిలో నలుగురికే అలా అయింది. గూను మొదలైన అమ్మ చేత ముందుకు వంగే కసరత్తు చేయించకండి.

ఈ మాటలన్నీ ఒక ఊళ్లో చెబుతుంటే వెనక కూర్చున్న పెద్దమ్మ ఒకామె, డెబ్బయి దాటి ఉంటుంది, చేతులు తిప్పుతూ "కాటికి కాళ్లు చాపినదాన్ని, నాకెందుకు బిడ్డా గీ కసరత్తు?" అన్నది. అందరూ నవ్వారు. నేను నవ్వలేకపోయాను. అంతకు ముందు వానకాలంలో ఆమె కొట్టంలో జారిపడి తుంటి పట్టుకొని రెండు నెలలు మంచం దిగలేదు. ఆ రెండు నెలలు రెండు బర్రెల్లో ఒకటి అమ్మవలసి వచ్చింది. సంఘం పుస్తకంలో ఆమె పేరు ఎదురుగా ఖాళీ గడులు నేను చూశాను.

1990లో బోస్టన్ నగరంలో ఒక వృద్ధుల ఆశ్రమంలో సుమారు తొంభై ఏళ్లవారిని పదిమందిని తీసుకొని, వారానికి 3 రోజులు, 8 వారాలు కాళ్లకు బరువు కసరత్తు చేయించారు. ఒకరు మానేశారు. మిగిలిన తొమ్మిదిమంది కాళ్ల బలం సగటున మొదటి కన్నా రెండున్నర రెట్లు దాటింది. తొంభైలో వచ్చింది డెబ్బయిలో రాదా? ఆ పెద్దమ్మకు పలక, దూడ ఏవీ చెప్పలేదు. ఎత్తు పీట మీద కూర్చొని, చేతులు ఆనించకుండా లేచి నిలబడడం ఒక్కటే చెప్పాను, గోడ పక్కన, కోడలు దగ్గరుండగా, సోమ, బుధ, శుక్రవారాలు. లేచేటప్పుడు పొట్ట బిగించమన్నాను. నెల తరువాత తనిఖీకి వెళ్తే, నేను సంతకం పెట్టేలోగా బల్ల ఎదుట కూర్చొని లేచి, కూర్చొని లేచి, పన్నెండు లెక్క చూపించింది. తరువాత పాల బిల్లు ఎందుకు ఆలస్యమైందని నన్ను నిలదీసింది.

నేను కొత్త పద్ధతిలో పడి రెండేళ్లు కావస్తున్నది. మధ్యలో దసరాకు మూడు వారాలు, మార్చి లెక్కల ముగింపుకు నెల రోజులు మానేశాను. మళ్లీ మొదలుపెట్టినప్పుడు పది లెక్క దగ్గరికే వెళ్లి మొదలుపెట్టాను, ఆపిన చోట పట్టుకోలేదు. నడుము మళ్లీ పట్టలేదు.

భోజనాల గంట ఇంకా కొట్టలేదు. టేపు వెనక బెంచీ నుండి పంపుతున్నాను. కొలత బొడ్డు దగ్గర కాదు, కింది పక్కటెముకకూ తుంటి ఎముకకూ సరిగ్గా మధ్య, ఊపిరి వదిలాక. లోపలికి లాగి పట్టుకోకండి, అది తప్పుడు ఎంట్రీ. చీటీ మీద తేదీ వేసి కొలత రాసుకొని ఎవరిది వారి దగ్గర ఉంచుకోండి, నాకు చూపించనక్కరలేదు. నాది మాత్రం బోర్డు మీద రాస్తాను. 37 అంగుళాలు. హద్దుకు ఇంకా అంగుళంన్నర పైనే ఉన్నాను.